తెల్లబిళ్ల లెక్క

షట్టరు సగం దించాక వస్తాడు తిరుపాలు.
రామతీర్థం క్వారీలో డ్రిల్లరు.
కనుబొమల మీద రాతిపిండి.
చేతులు రెండూ ఇంకా మిషను మీదే ఉన్నట్టు
కౌంటరు అద్దం మీద సన్నగా వణుకుతా.

"రెండు తెల్లబిళ్లలమ్మా."

పేరు చెప్పడు. మిల్లీగ్రాములు అడగడు.
పన్నెండేళ్లుగా చీమకుర్తిలో
నా చేతి మీదుగా పోయిన తెల్లబిళ్లలు పేరిస్తే
ఒక లారీ బ్లాకంత అవుతాయేమో.

ఆ రాత్రి మాత్రం అడిగాడు:
"మింగతానే ఉన్నా గదా,
అయ్యన్నీ యాడికి పోతన్నాయి?"

డి.ఫార్మసీలో ఈ ప్రశ్నకి పది మార్కులు.
ఒంగోలు హాస్టల్లో కరెంటు లేని రాత్రి
బట్టీ పట్టిన బాణం గుర్తులు.
అవేవీ ఇతనికి పనికిరావు.
వీధి చివర ఫ్యాక్టరీలో
రంపం ఏదో బ్లాకుని కోస్తా ఉంది.
దాన్నే చూపించా.

చూడు తిరుపాలూ,
నీ కుడిపక్క డొక్క కింద ఒక కోతమిషను ఉంది.
కార్జం.
ఆదివారం కూరలో నువ్వు ముందు ఏరుకునే ముక్క.
పేగు దాటిన ప్రతి బిళ్లా
ముందు అక్కడ కాటా ఎక్కాలి.

ఉత్త బిళ్లని కిడ్నీ బయటికి తోసినా
సగం దారిలో మళ్లీ నెత్తుట్లోకి ఎక్కుద్ది,
దొడ్లోంచి తరిమిన మేక
కంచె సందున దూరి వచ్చినట్టు.
అందుకని కార్జం
సగానికి చక్కెర మూట కడుతుంది,
ఇంకో మూడోవంతుకి గంధకం తగిలిస్తుంది.
ఇక నీళ్లు ఎత్తుకుపోతాయి,
రంపం కింద రాతిబురదని ఎత్తుకుపోయినట్టే.
రెండు మూడు గంటలకి సగం.
ఇంకో రెండు మూడు గంటలకి అందులో సగం.
రేపు ఈ వేళకి దాదాపు అంతా
క్వారీ అంచున నువ్వు పక్కకి పోయే
సర్కారు తుమ్మ మొదట్లో.

నవ్వాడు.
"అయితే ఆ తుమ్మకి జన్మలో జొరం రాదు."

నేనూ నవ్వా. కానీ లెక్క ఇంకా ఉంది.
పదిలో ఒక వంతు, ఇంకా తక్కువే,
చక్కెరకీ గంధకానికీ చిక్కకుండా
పక్కదారి పడుతుంది.
అప్పుడది మందు కాదు. చీలిక.
గెలాక్సీ రాయి తొలిచేటప్పుడు
కంట్లోకి ఎగిరే పెంకు లాంటిది.
పట్టుకోడానికి కాపలావాళ్లుంటారు,
ఒక్కో పెంకుకి ఒక్కో మనిషి.
పట్టుకున్నవాడు దాంతోపాటే పోతాడు.
కొత్తవాడు డ్యూటీకి రావాలంటే
నువ్వు తినాలి.

చూపు తిప్పుకున్నాడు.
జేబులో క్వార్టరు సీసా
అద్దానికి తగిలి టక్కుమంది.

రోజూ తాగితే పక్కదారి వెడల్పవుద్ది తిరుపాలూ.
పస్తుంటే కాపలావాళ్లు తగ్గిపోతారు.
ఆ మీద ఆరు బిళ్లలు, ఎనిమిది బిళ్లలు పడితే
కార్జం గోల చెయ్యదు, దానికి మూలగడం రాదు.
కళ్లు పచ్చబడ్డాక
ఎవరో ఆటోలో ఒంగోలు తీసుకుపోతారు.

చాలాసేపు గోరు కింద బురద గీక్కున్నాడు.
"సరే. బిళ్ల పోద్ది.
మరి నొప్పి? అది యాడికి పోద్ది?"

దానికి మా పుస్తకంలో మార్కుల్లేవు.
బిళ్ల కాసేపు దాని నోటికి చెయ్యి అడ్డం పెడుతుంది.
చెయ్యి తీసే వేళకి
నీ షిఫ్టు మొదలు.
ఈ మాట పైకి అనలేదు.
రెండే కత్తిరించి, పక్కన ఒక బన్ను పెట్టా.

మందుల షాపులో బన్నులేందని
డిస్ట్రిబ్యూటరు కుర్రాడు వెటకారం.
అరువు పుస్తకంలో తిరుపాలు పేజీ చూపించా:
బిళ్లలు రెండు, బన్ను ఒకటి.
బిళ్లలు రెండు, బన్ను ఒకటి.
మొన్న మంగళవారం బన్ను ఒకటి.

ఇంటికి పోయాక
పన్నెండేళ్లు నిలబడ్డ నా మడమలు కూడా అడుగుతాయి.
అన్నం తిని ఒకటి వేసుకుంటా.
వీధి చివర రంపం ఆగదు,
డొక్క కింద రంపం కూడా.
తెల్లవారుజామున లేచి
బాత్రూము లైటు వేస్తా.
రెండు చెంబులు నీళ్లు పోసి వచ్చి
మంచం పక్కన
మడమ నేల మీద మోపి చూస్తా.